లైఫ్ జాకెట్‌లో లోపలే గాలి నింపితే ఏమవుతుంది?

ప్రశ్న: విమానం బయల్దేరే ముందు లైఫ్ జాకెట్‌లో లోపలే గాలి నింపొద్దని ఎయిర్‌హోస్టెస్ గట్టిగా చెప్పింది. రాత్రి దిగేముందు కిటికీ తెరలు ఎత్తించి, లైట్లు తగ్గించారు. ఇదంతా మొక్కుబడా, నిజంగా అక్కరకొస్తుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒక్కటీ మొక్కుబడి కాదండీ. 1996 నవంబరు 23న హైజాకర్ల చేతిలో చిక్కిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 767 ఇంధనం అయిపోయి, కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో పడి ముక్కలైంది. 175 మందిలో 125 మంది చనిపోయారు. చాలామంది తొందరపడి లోపలే జాకెట్లు ఉబ్బించుకున్నారు. నీళ్లు లోపలికి రాగానే ఉబ్బిన జాకెట్ మనిషిని పైకప్పుకు ఎత్తేస్తుంది. బయటికి దారేమో నీళ్ల కింద ఉంటుంది. ఎంత ఈతగాడైనా దాంతో మునగలేడు. అందుకని సీటు కింది సంచీలోంచి తీసి, మెడలో వేసుకుని, నడుం పట్టీ బిగించి అంతటితో ఆగాలి. తలుపు దాటేటప్పుడే ఎర్ర పట్టీ లాగాలి. నిండకపోతే భుజం దగ్గరి గొట్టంలో నోటితో ఊదాలి.

కిటికీ తెర ఎత్తించేది మంట ఏ పక్కనుందో చూసి తలుపు తీయడానికి. లైట్లు తగ్గించేది కళ్లు ముందే చీకటికి అలవాటు పడాలని. 1985 ఆగస్టులో మాంచెస్టర్ రన్‌వే మీద ఎడమ ఇంజిన్ మంటలు బోయింగ్ 737ను చుట్టేశాయి. 55 మంది పోయారు, ఎక్కువమంది పొగకే. పొగ పైన పేరుకుంటుంది కనుక వంగి, నేల మీది లైట్ల వెంట వెళ్లాలి. కూర్చోగానే ముందూ వెనకా తలుపులకు ఎన్ని వరసలో లెక్కపెట్టుకోండి. చీకట్లో సీట్లు తడుముకుంటూ ఆ లెక్కతోనే వెళ్లొచ్చు. బెల్టు కూడా తీసి పెట్టి చూసుకోండి. కంగారులో చెయ్యి కారులోలాగా బటన్ కోసం వెతుకుతుంది, ఇక్కడేమో మూత పైకెత్తాలి.

ఇంకొక్కటి, మీరు అడగకపోయినా. 2024 జనవరి 2న టోక్యో హనేదాలో కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 తగలబడింది. చిన్న విమానంలో అయిదుగురు చనిపోయారు. పెద్దదాంట్లో 8 తలుపుల్లో 3 మాత్రమే వాడగలిగారు, మైకు పనిచేయలేదు. అయినా 379 మందీ దిగారు. బ్యాగుల కోసం ఎగబడి ఉంటే అది జరిగేది కాదు. పాస్‌పోర్టు, మందులు జేబులో ఉంచుకోండి. టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ బూట్లు విప్పొద్దు. హైహీల్స్ అయితే మాత్రం స్లైడ్ (తలుపు నుంచి నేలకు జారే, గాలి నిండిన జారుడుబల్ల) మీదికి దూకేముందు తీసేయాలి, మడమ గుచ్చుకుంటే స్లైడ్ చిరుగుతుంది.