పాత వ్యానుకు ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్: నాలుగు వైర్లు, ఒక ఎర్త్

గాజువాక నుంచి ఒక పాఠకుడు రాశారు: "మాది కేటరింగ్ వ్యాపారం. 2006 మోడల్ టెంపో ట్రావెలర్ ఉంది. ఈ మధ్య రెండు చక్రాల ఫుడ్ ట్రైలర్ ఒకటి కొన్నాం. దాని చక్రాల్లో ఎలక్ట్రిక్ బ్రేకులు ఉన్నాయి. వ్యానులో బిగించుకోమని, ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే బ్రేక్ కంట్రోలర్ కూడా ఇచ్చారు. దాని వెనక నలుపు, తెలుపు, ఎరుపు, నీలం వైర్లు ఉన్నాయి. కరెంటు వెనక స్టాప్ లైటు వైరు నుంచే తీసుకుందాం, బ్యాటరీ దాకా లాగడం దండగ అని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. శీతాకాలంలో అరకు తీసుకెళ్లి అక్కడ స్టాల్ పెట్టాలని ఉంది. అతని మాట వినొచ్చా?"

ఈ ఒక్క విషయంలో వినకండి. మిగతా పనిలో అతను ఎంత నేర్పరి అయినా సరే.

వైర్ల కంటే ముందు బరువు సంగతి చూసుకోవాలి. మీ వ్యాను ఎంత బరువు లాగగలదో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో వెతకండి. అందులో లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌ను రాతపూర్వకంగా అడగండి. తర్వాత ట్రైలర్‌లో గ్యాస్ సిలిండర్లు, నీళ్ల ట్యాంకు, సామాను అన్నీ పెట్టి వే బ్రిడ్జి మీద తూయించండి. ఖాళీ బరువు చూసి సరిపెట్టుకోవద్దు. నీళ్లే 200 లీటర్లు పోస్తే 200 కిలోలు. ఈ లెక్క సరిపోయాకే కంట్రోలర్ మాట.

ఎలక్ట్రిక్ బ్రేకు పనిచేసే తీరు తెలిస్తే స్టాప్ లైటు వైరు ఎందుకు వద్దంటున్నానో మీకే అర్థమవుతుంది. చక్రం డ్రమ్ములో ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు అందగానే అది తిరుగుతున్న డ్రమ్ము ముఖానికి అతుక్కుని, దాంతో పాటు కొద్దిగా జరుగుతుంది. ఆ కదలిక ఒక లివర్‌ను లాగుతుంది, లివర్ బ్రేక్ షూలను డ్రమ్ముకు అదుముతుంది. కరెంటు ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిగా ఉంటుంది. మామూలు సైజు బ్రేకుల్లో ఒక్కో అయస్కాంతం పూర్తి వోల్టేజీ దగ్గర సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. మీ రెండు చక్రాలకూ కలిపి 6. వ్యాను స్టాప్ లైట్లు 21 వాట్లవి రెండు, అవి మూడున్నర ఆంపియర్లు. ట్రైలర్ స్టాప్ లైట్లు మరో మూడున్నర. మొత్తం 13 ఆంపియర్లు. ఇరవై ఏళ్ల నాటి సన్న వైరు మీద, బ్రేకు పెడల్ దగ్గరున్న చిన్న స్విచ్చు మీద ఇంత బరువు పెడితే ఏదో ఒక రోజు ఫ్యూజు పోతుంది. అది పోయిన క్షణంలో స్టాప్ లైట్లూ పోతాయి, ట్రైలర్ బ్రేకులూ పోతాయి.

ఇంకో కారణం ఇంతకంటే ముఖ్యం. కంట్రోలర్ మీద చేత్తో నొక్కే ఒక లివర్ ఉంటుంది. ట్రైలర్ పాములా ఊగడం మొదలుపెడితే వ్యాను బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, ఆ లివర్‌ను మెల్లగా నొక్కాలి. అప్పుడు ట్రైలర్ వెనక్కి లాగి తనంతట తాను సరళరేఖలోకి వస్తుంది. కంట్రోలర్‌కు కరెంటు స్టాప్ లైటు వైరు నుంచి వస్తుంటే, పెడల్ తొక్కనిదే ఆ లివర్‌కు ప్రాణం ఉండదు. ప్రాణం కాపాడాల్సిన వేళ పనికిరాని లివర్ ఎందుకండీ?

కాబట్టి నాలుగు వైర్లనూ ఇలా కలపాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పేయండి. తెలుపును నేరుగా బ్యాటరీ మైనస్‌కు తీసుకెళ్లండి, డ్యాష్‌బోర్డు కింద దొరికిన ఏదో బోల్టుకు కాదు. నలుపును బ్యాటరీ ప్లస్‌కు కలపాలి. మధ్యలో 20 ఆంపియర్ల సర్క్యూట్ బ్రేకర్ గానీ ఫ్యూజు గానీ ఉండాలి, అదీ బ్యాటరీకి జానెడు దూరంలోనే. ఈ రెండూ తారుమారైతే చాలా కంట్రోలర్లు అక్కడికక్కడే కాలిపోతాయి, జాగ్రత్త. ఎరుపు స్టాప్ లైటు స్విచ్చుకు వెళ్లాలి, కానీ పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే పక్కకు. బ్యాటరీ మైనస్ విప్పే ముందే టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తే అది ఏ పక్కో నిమిషంలో తేలుతుంది. ఈ ఎరుపు వైరు కబురు మోయడానికే, బరువు మోయడానికి కాదు. నీలం వెనక సాకెట్‌లోని బ్రేకు పిన్నుకు వెళ్తుంది.

వైరు మందం దగ్గర పిసినారితనం చేయవద్దు. మీ వ్యాను ముందు నుంచి వెనక్కి సుమారు 7 మీటర్లు లాగాలి అనుకుందాం. 1 స్క్వేర్ ఎంఎం వైరులో 6 ఆంపియర్లు వెళ్తే దారిలోనే 0.7 వోల్టు పోతుంది. ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరే వైరు, కూడా అంతే సన్నగా ఉంటే తిరుగు దారిలో మరో 0.7. అంటే 12 వోల్టులు బయల్దేరితే అయస్కాంతానికి పదిన్నరే చేరుతుంది, బ్రేకు ఆ మేరకు బలహీనపడుతుంది. అదే 4 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే రెండు దారుల్లోనూ కలిపి పోయేది 0.4 వోల్టు లోపే. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో సన్న పోగులు ఎక్కువగా ఉండి, ఇంజిన్ వేడికి తట్టుకునే వైరు దొరుకుతుంది. అదే తీసుకోండి.

ఇక ఎర్త్. ఈ ఒక్కదాని గురించి ఎంత చెప్పినా తక్కువే. ట్రైలర్ ఎర్త్ హిచ్ బాల్ (వ్యాను వెనక ట్రైలర్‌ను తగిలించే ఇనుప గుండు) ద్వారా అందుతుందిలే అని చాలామంది వదిలేస్తారు. ఆ బాల్ మీద గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది, గతుకుల్లో అది ఎగిరి పడుతుంటుంది. మన విశాఖలో ఉప్పు గాలి మరో శత్రువు. బీచ్ రోడ్డులో రెండు వానాకాలాలు నిలబడిన ట్రైలర్ ప్లగ్ విప్పి చూస్తే లోపల పచ్చటి చిలుము కనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట మా చిన్న సామాను ట్రైలర్ తీసుకుని రాత్రి పూట భీమిలి నుంచి వస్తున్నాను. వెనక స్కూటర్ మీద వస్తున్న మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వు బ్రేకు వేస్తే ఇండికేటర్లు కూడా మసగ్గా వెలుగుతున్నాయి" అన్నాడు. నేను రెండు రోజుల పాటు బల్బులు మార్చాను, స్విచ్చులు మార్చాను. చివరికి చూస్తే రంగు వేసిన ఛాసిస్ మీదే ఎర్త్ లగ్గు (వైరు చివర నొక్కించే లోహపు కొన) బిగించి ఉంది. సరైన దారి దొరకని కరెంటు పక్క బల్బులోంచి తిరిగి వెళ్తోంది. రంగు గీకి, కొత్త లగ్గు వేసి, పైన పెట్రోలియం జెల్లీ రాయగానే అంతా సర్దుకుంది. ఒక లైటు వేస్తే ఇంకోటి మసగ్గా వెలిగిందంటే మొదట చూడాల్సింది ఎర్తే.

అందుకే ట్రైలర్ ఎర్త్ వైరు మిగతా వైర్లన్నింటికంటే లావుగా ఉండాలి. సాకెట్‌లో దానికంటూ ఒక పిన్ను ఉంటుంది, అక్కడి నుంచి బ్యాటరీ మైనస్ దాకా తెగకుండా రావాలి. జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టడం వద్దు. లగ్గులు నొక్కించి వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగించండి.

కంట్రోలర్లు రెండు రకాలు. ఒకటి పెడల్ తొక్కగానే, మీరు ఎంత గట్టిగా తొక్కారన్నది చూడకుండా, నిర్ణీత వేగంతో కరెంటు పెంచుకుంటూ పోతుంది. రెండోది వ్యాను ఎంత జోరుగా నెమ్మదిస్తోందో లోపలి సెన్సర్‌తో గ్రహించి, అంతే కరెంటు పంపుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కే ఆలోచన ఉన్నవారికి నేను రెండోదే చెబుతాను. దాన్ని వాహనం నడిచే దిశకు సూటిగా, కంపెనీ చెప్పిన వాలులోనే బిగించాలి. వంకరగా బిగిస్తే సెన్సర్ లెక్క తప్పుతుంది.

బిగించాక సెట్టింగ్. ట్రైలర్‌లో మామూలుగా ఉండే బరువంతా పెట్టి, ఖాళీగా ఉన్న పొడి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ చేతి లివర్ పూర్తిగా నొక్కండి. ట్రైలర్ చక్రాలు జారుతూ బిగుసుకుపోతే పవర్ తగ్గించండి. బిగుసుకోవడానికి కాస్త ముందు ఆగే చోటే సరైనది. నీళ్ల ట్యాంకు ఖాళీ అయితే ఈ లెక్క మారుతుంది, మళ్లీ చూసుకోవాలి.

అరకు సంగతికొస్తే, అనంతగిరి దగ్గర దిగుడు పొడవైనది, మలుపులు ఎక్కువ. ఎలక్ట్రిక్ బ్రేకులైనా డ్రమ్ము వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ దాదాపు ఆ గేరులోనే దిగండి. బ్రేకు తొక్కి పట్టి ఉంచకుండా, కాసేపు తొక్కి వదిలేస్తూ రండి. దిగే ముందు గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఒకసారి ఆగి చక్రాల దగ్గర చెయ్యి ఆనించకుండా వేడి చూడండి. ఒక చక్రం కాలుతూ ఇంకోటి చల్లగా ఉంటే, చల్లగా ఉన్న దానికి కరెంటు అందడం లేదేమో చూడండి.

ట్రైలర్ విడిపోతే దానంతట అదే బ్రేకు పడేలా ఒక పిన్ను స్విచ్చు, చిన్న బ్యాటరీ ఉంటాయి. ఆ పిన్నుకు ఉండే తీగను హిచ్‌కు కట్టకండి, వ్యాను ఛాసిస్‌కు కట్టండి. హిచ్ ఊడితే తీగ కూడా దాంతోనే పోతుంది కదా. ఆ బ్యాటరీకి చార్జింగ్ ఉందో లేదో నెలకోసారి చూడండి.

కాగితాల మాట కూడా. 1988 మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను విడిగా రిజిస్టర్ చేయాల్సిన వాహనంగానే చూస్తుంది, 61వ సెక్షన్ ఇదే చెబుతుంది. వాహనాన్ని తయారీ నాటి రూపం నుంచి మార్చడం గురించి 52వ సెక్షన్ ఉంది. హిచ్ వెల్డింగ్ చేయించే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకీ తెలియజేయండి.

మద్దిలపాలెం నుంచి మరొకరు: "అమెరికాలో ఉన్న మా బావమరిది ట్రైలర్ వైరింగ్ కిట్ తెచ్చాడు. మన ట్రైలర్‌కు ఉన్న ప్లగ్ అందులో దూరలేదు. కోసి, రంగుకు రంగు కలిపాం. పార్కింగ్ లైటు వేస్తే ఫ్యూజు పోతోంది. ఏం తప్పు చేశాం?"

రంగును నమ్మడమే తప్పండీ. మన దగ్గర, యూరప్‌లో వాడే గుండ్రటి ఏడు పిన్నుల సాకెట్ ఐఎస్‌ఓ 1724 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉంటుంది. అందులో నలుపు ఎడమ పార్కింగ్ లైటుది, నీలం వెనక ఫాగ్ లైటుది. అమెరికా బద్దీ పిన్నుల సాకెట్‌లో నలుపు బ్యాటరీ ప్లస్, నీలం ఎలక్ట్రిక్ బ్రేకు. అంటే మీరు ట్రైలర్ పార్కింగ్ లైటు వైరును బ్యాటరీతో ముడిపెట్టారు. కలిపినవి అన్నీ విప్పేయండి.

ఇంకో తేడా ఉంది. అమెరికా పద్ధతిలో చాలా ట్రైలర్లకు స్టాప్ లైటు, ఇండికేటర్ ఒకే ఎర్ర బల్బు. మన వ్యాన్లలో ఇండికేటర్ విడిగా నారింజ రంగులో ఉంటుంది. కిట్‌తో వచ్చిన చిన్న కన్వర్టర్ డబ్బా ఆ రెంటినీ కలిపేందుకే. అది మీకు అక్కర్లేదు, పక్కన పెట్టండి. ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులు లేకపోతే మన గుండ్రటి సాకెట్టే రెండు వైపులా వేయించండి. ఉంటే మాత్రం రెండు వైపులా అమెరికా సాకెట్ వేసి, మధ్యలో ఉండే రివర్స్ లైటు పిన్నును స్టాప్ లైటుకు వాడుకోవచ్చు. ఏ పిన్ను దేనిదో బొమ్మ గీసి, లామినేషన్ చేయించి, ట్రైలర్ తలుపు లోపలి పక్క అతికించండి. రేపు ఆ బండి మరమ్మతు చేసేవాడికి మీ బావమరిది కిట్ సంగతి తెలియదు. గాజువాక మిత్రులకూ ఈ సాకెట్ మాటే చెబుతున్నాను.

భీమిలి నుంచి ఒక యువకుడు: "పాత ఓమ్నీ వ్యానుతో చిన్న ఫైబర్ పడవను ట్రైలర్ మీద ఒడ్డుకు తీసుకెళ్తాను. ట్రైలర్ లైట్లు కలిపినప్పటి నుంచి ఇండికేటర్లు గబగబా కొట్టుకుంటున్నాయి. ఎలక్ట్రిక్ బ్రేకులు కూడా పెట్టించనా?"

బ్రేకుల దగ్గర మొదలుపెడతాను, వద్దు తమ్ముడూ. ఉప్పు నీళ్లలో మునిగే డ్రమ్ముల్లో అయస్కాంతాలు, వైర్లు ఎక్కువ కాలం నిలవవు. ఓమ్నీ ఇంజిన్ 796 సీసీ. బ్రేకులు అవసరమయ్యేంత బరువున్న పడవ అయితే దాన్ని ఆ వ్యానుతో లాగడమే ప్రమాదం. పెద్ద బండి అడిగి తెచ్చుకోండి.

ఇండికేటర్ల సంగతి తేలిక. ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ లోపలి లోహపు బద్దీ వేడెక్కితే వంగి విడిపోతుంది, చల్లబడితే మళ్లీ తగులుకుంటుంది. అదనపు బల్బు తగిలితే కరెంటు పెరిగి త్వరగా వేడెక్కుతోంది. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) వేయించండి. రిలే మీద 30 అని ఉన్న పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా కరెంటు, 87 నుంచి ట్రైలర్ ఇండికేటర్‌కు, 86కు వ్యాను ఇండికేటర్ వైరు, 85కు ఎర్త్. అప్పుడు ఫ్లాషర్‌కు వ్యాను బల్బులే కనిపిస్తాయి. ట్రైలర్ బల్బు మాడిపోయినా డ్యాష్‌బోర్డులో తెలియదు కనుక, బయల్దేరే ముందు ఒకసారి వెనక్కి వెళ్లి చూడటం అలవాటు చేసుకోండి.

పడవను నీళ్లలోకి దించే ముందు ప్లగ్ తప్పకుండా పీకేయండి. వేడిగా ఉన్న బల్బు చల్లటి నీళ్లలో మునిగితే పగులుతుంది, సాకెట్‌లో కరెంటు ఉండగా ఉప్పు నీళ్లు తగిలితే పిన్నులు చాలా త్వరగా తుప్పు పట్టి అరిగిపోతాయి. వీలైతే పూర్తిగా సీలు చేసిన ఎల్‌ఈడీ లైట్లకు మారండి. బయటికి తీశాక ప్లగ్‌ను, హబ్బులను మంచినీళ్లతో కడగండి.

సీతమ్మధార నుంచి చివరిగా ఒక చిన్న ప్రశ్న: "ఫోన్‌లో బ్లూటూత్‌తో నడిచే బ్రేక్ కంట్రోలర్లు వచ్చాయట. వ్యాను డ్యాష్‌బోర్డు కోయక్కర్లేదంటున్నారు. మంచివేనా?"

సాకెట్‌కు, ట్రైలర్ ప్లగ్‌కు మధ్య తగిలించే రకం అది. డ్యాష్‌బోర్డు కింద పని తప్పుతుందన్న మాట నిజమే. కానీ దానికి సాకెట్‌లో బ్యాటరీ కరెంటు, స్టాప్ లైటు సంకేతం, మంచి ఎర్త్ సిద్ధంగా ఉండాలి. పాత వ్యాన్లలో అవే ఉండవు, వెనక దాకా లావు వైరు లాగడం ఎలాగూ తప్పదు. పైగా చేతి లివర్ పని ఫోన్ తెర మీదకు వెళ్తుంది. ట్రైలర్ ఊగుతున్నప్పుడు తాళం వేసి ఉన్న ఫోన్‌ను తెరిచి బటన్ వెతకడం నాకు ఊహించుకుంటేనే టెన్షన్‌గా ఉంటుంది. చూడకుండానే చెయ్యి వెళ్లే చోట బిగించిన లివర్ ఉన్నదే కొనండి.