ఓడ రాని రోజు

(ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాసినవారు ఒడిశాలోని బరంపురంలో ఒక పట్టునేత కుటుంబంలో పుట్టి, ఓడల మరమ్మతు పనిలో ఉన్న భర్తతో గత 12 ఏళ్లుగా గ్రీసు దేశపు సీరోస్ ద్వీపంలో కాపురం ఉంటున్న గృహిణి. ఆమె పుట్టింటికి వచ్చిన సందర్భంలో మన సరిహద్దు జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలను ఆమెకు అందజేశాము.)

ప్రశ్న: గ్రీసు ద్వీపాలంటే మాకు తెలిసినవి క్యాలెండర్ బొమ్మల్లోని తెల్లని ఇళ్లు, నీలి గుమ్మటాలు మాత్రమే. అక్కడే కాపురం ఉంటున్న మీకు నిజంగా నచ్చినవి ఏమిటి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఆ బొమ్మలు చాలావరకు సాంటోరినీ ద్వీపానివి. మా సీరోస్ అలా ఉండదు. 1820లలో గ్రీకుల స్వాతంత్ర్య యుద్ధం జరుగుతున్నప్పుడు ఖియోస్, ప్సారా వంటి ద్వీపాల నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన వర్తకులూ నావికులూ రేవు ఒడ్డున కట్టుకున్న పట్నం మా ఎర్మూపోలీ. వ్యాపారానికి అధిదేవత అయిన హెర్మిస్ పేరునే దానికి పెట్టుకున్నారు. గోడలు గంధం రంగువో, వెలిసిన గులాబీ రంగువో ఉంటాయి. నడివీధులకు పాలరాయి పరిచి ఉంటుంది. ఊరి మీద ఉన్న రెండు కొండలలో ఒకదానిమీద క్రైస్తవులలో కాథలిక్ శాఖవారి పాత ఊరు ఆనో సీరోస్, రెండవదానిమీద ఆర్థడాక్స్ శాఖవారి గుడి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలన్నా మెట్లే. ఆ మెట్లు నాకు నచ్చిన వాటిలో లేవని ముందే చెప్పేస్తున్నాను.

నాకు అన్నింటికంటే నచ్చినది ఓడ వచ్చే వేళ. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి బయలుదేరిన ఓడ కొన్ని గంటల్లో మా రేవుకు చేరి, వెనుక తలుపు దించి, మనుషులనూ కార్లనూ కూరగాయల లారీలనూ దింపి, ఎక్కించుకొని, కొద్ది నిమిషాల్లోనే మరో ద్వీపానికి వెళ్లిపోతుంది. ఆ కాసేపట్లో ఊరిలో ఎవరు వచ్చారో ఎవరు వెళ్లారో అందరికీ తెలిసిపోతుంది. మా వంటింటి కిటికీలోంచి రేవు కనిపిస్తుంది కాబట్టి, పొయ్యి మీద కూర ఉన్నా సరే, కూత వినబడగానే నేను కిటికీ దగ్గర నిలబడతాను.

దానికంటే ఎక్కువగా నచ్చినది ఓడ రాని రోజు. వేసవిలో ఉత్తరం నుంచి మెల్తేమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది; చలికాలంలో దక్షిణపు తుపానుగాలి వస్తుంది. గాలి బలం, 0 నుంచి 12 వరకు లెక్కించే బోఫర్ట్ కొలతలో 8కి చేరిందంటే సాధారణంగా రేవు అధికారులు ఓడలను ఆపివేస్తారు. దీనిని అక్కడివారు ఒక్క మాటలో ‘అపగోరెఫ్తికో’ అంటారు, అంటే నిషేధం అని అర్థం. ఆ రోజు కొట్లో టమాటాలు తగ్గిపోతాయి, పత్రికలు రావు, పని మీద వచ్చినవారు వెళ్లలేక కాఫీ కొట్లలో కూర్చుండిపోతారు, ఎవరికీ తొందర ఉండదు. పలకరించుకోవడానికి పూట చాలని మనుషులు ఆ రోజు గుమ్మాలలో కుర్చీలు వేసుకుంటారు.

అయితే ఈ ఇష్టం అనే మాటను నేను ఆలోచించే రాస్తున్నాను. మా నాన్నగారు పోయారన్న కబురు అటువంటి రోజునే వచ్చింది. ఓడ లేదు, ఏథెన్స్‌కు వెళ్లే చిన్న విమానం కూడా ఆ గాలికి లేవలేదు. దహనం అయిన మరునాటికి గాని నేను బరంపురం చేరలేకపోయాను. ఆ రాత్రంతా పక్కింటి ముసలమ్మ నల్లబట్టలు కట్టుకొని నా పక్కన కూర్చుంది. నేను తిరిగి వెళ్లాక, లెక్కపెట్టి మరీ 40వ రోజున, ఉడికించిన గోధుమలలో చక్కెర, దానిమ్మ గింజలు, బాదంపప్పు కలిపిన ‘కొలీవా’ పళ్లెం తెచ్చి ఇచ్చింది. వారు చనిపోయినవారికి పెట్టేది అదే. మా నాన్నగారి పేరు ఆమెకు పలకడం రాకపోయినా ఆ పళ్లెం ఆయన పేరుననే చేసింది. ఓడలు రోజూ తిరిగే ఊళ్లో ఇటువంటి పొరుగు దొరుకుతుందో లేదో నేను చెప్పలేను.

ప్రశ్న: మేము గోపాలపూర్ వాళ్లం. మాకూ ఇంటి ముందే సముద్రం ఉంది. అక్కడి సముద్రంలో అంత విశేషమేముంది?
– ఒక పాఠకుడు, గోపాలపూర్

జవాబు: బాబూ, మీ ప్రశ్న న్యాయమైనదే. నేనూ చిన్నప్పుడు ఆదివారాలు మీ ఒడ్డునే గడిపాను. మన తీరంలో అలలు ఒడ్డును కొట్టే చప్పుడు రాత్రివేళ ఎంత దూరమైనా వినిపిస్తుంది. అక్కడి ఈజియన్ సముద్రానికి గాలి లేని రోజున చప్పుడే ఉండదు. ఆటుపోట్లు కూడా ఉన్నాయా అన్నంత తక్కువ. నీరు అద్దంలా ఉంటుంది, మోకాలి లోతులో మీ కాలి గోళ్లు మీకు కనిపిస్తాయి. అంత స్వచ్ఛతకు కారణం ఏమిటంటే, ఆ నీటిలో జీవులకు కావలసిన పోషకాలు తక్కువ, అందువల్ల నీటిని మసకబరిచే సూక్ష్మజీవులూ తక్కువ. చేప కూడా ఆ లెక్కనే తక్కువ, ధర ఎక్కువ. అందానికీ చేపల పులుసుకూ మధ్య ఎంచుకోమంటే నేను ఇప్పటికీ మీ ఒడ్డునే ఎంచుకుంటాను. ఈతకు మాత్రం అక్కడి నీరే మేలు. నలభై ఏళ్లు దాటాక ఈత నేర్చుకున్నాను, నేర్పినది డెబ్బై దాటిన ఆడవాళ్లు. వారు టోపీలు పెట్టుకొని, మెడ దాకా నీళ్లలో నిలబడి, వంటల సంగతులు మాట్లాడుకుంటూ గంట సేపు గడుపుతారు. అదొక చెరువుగట్టు కబుర్ల సభ అనుకోండి.

ప్రశ్న: అక్కడ మన కూరలు దొరుకుతాయా? అన్నం, పప్పు లేకుండా ఎలా గడుపుతున్నారు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మొదటి ఏడాది బెంగపడ్డాను, తరువాత బజారులో తోటకూర కట్టలు చూశాను. ‘వ్లీతా’ అంటారు. ఉడికించి, నిమ్మరసం, ఆలివ్ నూనె పోసుకొని తింటారు. తాలింపు ఉండదు, ఎండుమిర్చి ఉండదు. గంగవాయిలి కూర మనకు గట్ల మీద దొరికినట్టే వారికీ దొరుకుతుంది. వారు దానిని పచ్చిగానే టమాటా ముక్కల్లో కలుపుకుంటారు. చలికాలపు వానలు పడ్డాక ఆడవాళ్లు చిన్న కత్తీ సంచీ పట్టుకొని కొండవాలుకు వెళ్లి అడవి ఆకుకూరలు కోసుకురావడం చూసినప్పుడు, పొన్నగంటి కూర కోసం చెరువుగట్టుకు వెళ్లిన మా అమ్మమ్మ గుర్తుకొచ్చి, మాట రాకపోయినా వారి వెంట నడిచాను. ఏది తినదగినదో ఏది చేదో చెప్పడానికి భాష అవసరం లేదు, నోట్లో పెట్టి ముఖం చూపిస్తే చాలు.

వారి ‘ఫావా’ అచ్చం మన ముద్దపప్పే. పచ్చని పప్పును మెత్తగా ఉడికించి, నెయ్యికి బదులు ఆలివ్ నూనె పోసి, పచ్చి ఉల్లిపాయ తరుగు వేస్తారు. బెండకాయలు జిగురు పోవడానికి వెనిగర్ చల్లి ఎండలో పెట్టి, ఆ తరువాత టమాటాలలో వండుతారు. ఆ కిటుకు నేను ఇక్కడి మా వదినలకు కూడా చెప్పాను. గోడల సందుల్లోంచి మొలిచే కాపరీ మొక్కల మొగ్గలను కోసి, నీళ్లు మారుస్తూ చేదు తీసి, ఉప్పులో ఊరవేస్తారు. ఊరగాయ అంటే ఏమిటో తెలిసిన జనం అని నాకు అప్పుడు ధైర్యం వచ్చింది. సీరోస్ పేరు చెప్పగానే గ్రీసు అంతటా గుర్తొచ్చేది మాత్రం ‘లుకూమీ’, చక్కెర పాకాన్ని పిండితో బిగిసేదాకా కలిపి, గులాబీ నీరు వేసి, ముక్కలుగా కోసి, పంచదార పొడిలో దొర్లించే మిఠాయి. నాకు ఒక ముక్కతో మొహం మొత్తుతుంది. నేను ప్రతిసారీ తీసుకువెళ్లే బరంపురం అప్పడాలకు మా మెట్ల వీధిలో ఉన్న గిరాకీ చూస్తే లుకూమీ వాళ్లు అసూయపడతారు.

ప్రశ్న: అక్కడివారు మధ్యాహ్నం పూట కొట్లు మూసి పడుకుంటారట, నిజమేనా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: నిజమే. పడుకునేవారిని చట్టం కూడా కాపాడుతుంది. వేసవి నెలల్లో మధ్యాహ్నం 3 నుంచి 5:30 వరకు గోడలకు రంధ్రాలు వేయడం, పెద్దగా పాటలు పెట్టడం వంటివి కూడదు. పిల్లలను కూడా గదమాయిస్తారు. బరంపురం బడా బజారు హారన్ల మధ్య పెరిగిన నాకు మొదట ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఇక్కడికి వచ్చినప్పుడు పట్టడం లేదు.

ప్రశ్న: పండుగలు, దేవుడు, ఆచారాల విషయంలో ఒంటరితనం అనిపించలేదా?
– ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: దసరాకూ దీపావళికీ అనిపిస్తుంది, దాచడం దేనికి? కానీ రెండేళ్లకొకసారి బుఢీ ఠకురాణి అమ్మవారు దేశీబెహెరా వీధిలోని పుట్టింటికి వచ్చే యాత్ర చూసి పెరిగినదాన్ని, వీధిలో దేవుణ్ణి ఊరేగిస్తే నేను ఇంట్లో కూర్చోలేను. ఈస్టరుకు ముందరి శుక్రవారం రాత్రి మూడు ఆర్థడాక్స్ గుళ్ల నుంచి పూలతో అలంకరించిన క్రీస్తు పాడెలు బయలుదేరి ఊరి నడిబొడ్డున ఉన్న మియావూలీ చౌకులో కలుసుకుంటాయి. కాథలిక్కులకూ ఆర్థడాక్స్ వారికీ లోకంలో చాలాచోట్ల ఈస్టరు వేర్వేరు తేదీలలో వస్తుంది. సీరోస్ కాథలిక్కులు మాత్రం పొరుగువారితో కలిసి ఒకే రోజున చేసుకుంటారు. పండుగ ముందురోజు అర్ధరాత్రి గుడిలో వెలిగించిన కొవ్వొత్తిని ఆరిపోకుండా చేయి అడ్డం పెట్టుకొని ఇంటికి తెచ్చి, ఆ పొగతో గుమ్మం పైన శిలువ గుర్తు వేస్తారు. ఆ గాలిలో, ఆ మెట్ల మీద, దీపం ఆరకుండా తేవడం ఎంత పనో కార్తీక దీపాలు పట్టుకొని నడిచినవారికి తెలుస్తుంది.

మా ఎదుట కనిపించే తీనోస్ ద్వీపంలో 1823లో దొరికిన మరియమ్మ పటం ఉంది. మరియమ్మ పండుగ అయిన ఆగస్టు 15న మొక్కుబడి ఉన్నవారు రేవు దగ్గరి నుంచి కొండమీది గుడి దాకా మోకాళ్ల మీద వెళతారు. ఒకసారి చూశాను, రెండవసారి చూడలేకపోయాను. ఆ రోజు మరియా పేరున్న వారిలో చాలామందికి పేరు పండుగ కూడా. పుట్టినరోజుకంటే దానికే విలువ ఎక్కువ, పైగా పండుగ చేసుకునేవారే ఇతరులకు మిఠాయి తినిపించాలి. మా వీధిలో ఎటు తిరిగినా ఒక మరియా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి అక్కడికి వెళ్లి స్థిరపడతానంటున్నాడు. మీ సలహా ఏమిటి?
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: ఆగస్టులో కాకుండా జనవరిలో వెళ్లి నెల రోజులు ఉండి రమ్మనండి. పాలరాయి ఇళ్లలో చలి ఎముకలకు తగులుతుంది. చాలా ద్వీపాలలో చలికాలం కొట్లు మూతపడతాయి. సైక్లడీస్ అనే మా ద్వీపసమూహానికి ముఖ్యపట్టణం కాబట్టి ప్రభుత్వ కార్యాలయాలూ కోర్టులూ ఉన్న మా ఊరు ఏడాది పొడవునా మెలకువగానే ఉంటుంది. గాలి రోజులు నచ్చితే ఆ తరువాత ఉద్యోగం సంగతి చూసుకోవచ్చు.

ప్రశ్న: మీ పిల్లలు తెలుగు మాట్లాడతారా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మాట్లాడతారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం ఉన్న మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడటం మన ఇళ్లలో తరాలుగా ఉన్న అలవాటే కనుక, వీధిలో ఒడియాకు బదులు గ్రీకు వచ్చిందని పిల్లలకు పెద్ద కష్టం కాలేదు. కష్టపడింది నేను. గ్రీకులో ‘నే’ అంటే అవును. ఒడియా ‘నా’కు అలవాటు పడిన చెవికి అది కాదన్నట్టే వినిపిస్తుంది. మొదటి నెలంతా కొట్టువాడు ‘నే, నే’ అంటుంటే సరుకు లేదనుకొని ఖాళీ సంచీతో ఇంటికి వచ్చేదాన్ని. పైగా వారు కాదనడానికి మాట కూడా అనరు, తల పైకెత్తి నాలుకతో ‘చ్’ అంటారు. ఇప్పుడు మా చిన్నది ఫోనులో అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు అన్నం తిన్నావా అంటే ‘నే’ అంటుంది, మా అమ్మ ఇక్కడ పిల్ల తినలేదనుకొని నన్ను కోప్పడుతుంది.