లెక్కల క్లాసులో స్క్రాచ్ వాడితే మార్కులు దేనికి వేయాలి?

స్క్రాచ్‌లో (పిల్లలు బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే భాష) ప్రోగ్రాం సరిగ్గా నడిస్తే పూర్తి మార్కులు వేసేయవచ్చా, కంప్యుటేషనల్ థింకింగ్‌ని, అంటే పనిని మెట్లుగా విడగొట్టి, మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని గమనించి పరిష్కరించే ఆలోచనని, విడిగా చూడాలా అని అడిగారు. విడిగానే చూడాలండీ. నేను లెక్కల పాఠాల్లో స్క్రాచ్ వాడతాను. తెర మీద బొమ్మ వచ్చిందా లేదా అన్నది ఒక్కటే చూస్తే పిల్లలకు అన్యాయం జరుగుతుంది.

సమబాహు త్రిభుజం గీయమంటే చాలామంది ప్రతి మూల దగ్గరా 60 డిగ్రీలు తిప్పుతారు. త్రిభుజానికి బదులు షడ్భుజిలో సగం వస్తుంది. అయినా అలా చేసిన పిల్లవాడు రిపీట్ బ్లాక్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది) సరిగ్గానే వాడాడు, వరుస కూడా సరిగ్గానే పెట్టాడు. తిరగాల్సింది బాహ్య కోణం, అంటే 120 డిగ్రీలు అని తట్టలేదు, అంతే. అది లెక్కల తప్పు. ఇంకో పాప పంచభుజికి 360ని 5తో భాగించి 72 అని ఠక్కున చెబుతుంది, కానీ అవే రెండు బ్లాకుల్ని ఐదుసార్లు కింద కింద పేరుస్తుంది. ఆమెకు లెక్క వచ్చు, ఒకే పని మళ్లీ మళ్లీ వస్తోందని గమనించడమే ఇంకా రాలేదు. ఇద్దరికీ పదికి ఆరు వేస్తే ఎవరికి ఏం నేర్పాలో మనకే తెలియదు. అందుకే లెక్కకు ఒక గడి, ఆలోచనకు ఒక గడి పెట్టండి.

రెండో గడి నింపడానికి నాకు బాగా పనికొచ్చే ప్రశ్న: "ఎన్ని భుజాలు చెప్పినా గీసేలా మార్చగలవా?" భుజాల సంఖ్యకు వేరియబుల్ (విలువ మార్చుకోగల పేరు) పెట్టి, 360ని దానితో భాగించాలని తోచిందంటే ఆలోచన అందినట్టే. కావాలని తప్పు పెట్టిన ప్రోగ్రాం ఇచ్చి సరిచేయమనడం కూడా మంచిదే. 2012లో పరిశోధకులు బ్రెనన్, రెస్నిక్ సూచించినవీ ఇలాంటివే: పిల్లల ప్రాజెక్టులు చూడటం, వాటి గురించి వాళ్లతోనే మాట్లాడటం, వేరేవాళ్ల ప్రాజెక్టు ఇచ్చి వివరించమనడం, సరిచేయమనడం.

స్క్రాచ్ ప్రాజెక్టులకు తనంతట తానే స్కోరు వేసే డాక్టర్ స్క్రాచ్ లాంటి టూల్ మీదే ఆధారపడకండి. ప్రాజెక్టులో ఏ బ్లాకులు వాడారో అది చూస్తుంది. మన బహుభుజి ప్రోగ్రాం ఎంత చక్కగా ఉన్నా చిన్నది కాబట్టి తక్కువ స్కోరే వస్తుంది. కాపీ కొట్టిన పెద్ద గేమ్‌కు ఎక్కువ రావచ్చు.

అందరితో మాట్లాడే టైమ్ ఉండదు, నిజమే. క్లాసుకు కొందరు చొప్పున మాట్లాడండి. జంటగా చేయించినప్పుడు మాత్రం మౌస్ పట్టుకోని పిల్లనే ముందు అడగండి.