బరువు సరిగానే ఉంది, మరి షుగర్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 65 కిలోలు. పొద్దున దర్శినిలో నిలబడి ఇడ్లీ వడ, మధ్యలో మూడు నాలుగు కాఫీలు, రాత్రి పదిన్నరకు కంచం నిండా అన్నం. పరగడుపు షుగర్ 112 వచ్చింది, కాలేయంలో కొవ్వు ఉందన్నారు. లావుగా లేని నాకు ఇదెందుకు? కణాల్లో శక్తి నియంత్రణ దెబ్బతిన్నదని డాక్టరుగారు అన్నారు, అంటే ఏమిటి?

జవాబు: శరీరంలో కొవ్వు ఎంత ఉందో, ఎక్కడ చేరిందో బరువును బట్టి తెలియదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్‌కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోను అచ్చు వేయించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క) 22.3 అయినా కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌గారికి 9.1 శాతం, యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం. మీ బీఎంఐ కూడా దాదాపు అంతే.

కణం ప్రతి పనికీ ఏటీపీ అనే ఇంధనాన్ని ఖర్చు చేస్తుంది. అది తరిగినప్పుడు ఏఎంపీకే అనే ఎంజైము మేల్కొని, కొత్త కొవ్వు తయారు కాకుండా ఆపి, ఉన్న కొవ్వును కణంలోని ఇంధన కొలిమిలైన మైటోకాండ్రియాలో ఖర్చయ్యేలా చేస్తుంది. రోజంతా కుర్చీలో కూర్చుని, ఒకటి అరిగేలోపే మరొకటి తింటూ ఉంటే ఆ ఎంజైముకు మేల్కొనే అవసరమే రాదు. శక్తి నియంత్రణ దెబ్బతిన్నదని మీ డాక్టరుగారు అన్నది దీన్నే. చర్మం కింద దాచుకునే చోటు మనవాళ్లలో చాలామందికి తక్కువ కాబట్టి, మిగిలిన కొవ్వు కాలేయంలోకీ కండరాల్లోకీ చేరి అక్కడ ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తుంది. ఆపమని ఇన్సులిన్ చెప్పినా వినని కాలేయం రాత్రంతా గ్లూకోజును రక్తంలోకి వదులుతూనే ఉంటుంది; మీ పరగడుపు 112 వెనుక ఉన్నది చాలావరకు ఇదే. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరగడానికీ, ముందుముందు గుండెజబ్బుకూ దారి ఇక్కడి నుంచే పడుతుంది.

ఇది ఇంకా మధుమేహం కాదు, వెనక్కి మళ్లించగల దశ. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. అందుకే రాత్రి భోజనం కాగానే పావుగంట నడవమని గట్టిగా చెబుతున్నాను. భోజనం ఎనిమిదింటికల్లా ముగించి, అన్నం సగం చేసి, ఆ సగం చోటును పప్పుకూ ఆకుకూరకూ ఇవ్వండి. బరువు కన్నా నడుము కొలతను గమనించండి. మన మగవారికి 90 సెంటీమీటర్లు దాటకూడదు. మందు అవసరమో కాదో మీ డాక్టరుగారే చెప్పాలి. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఈ మార్పుల ఫలితం మూడు నెలల తరువాత, ఆ కణాలకు అంటుకున్న చక్కెరను కొలవడానికి చేయించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో కనబడుతుంది.