ముందు ఉక్కా, బట్టా?

దేశం ఆధునికం కావాలంటే మొదట భారీ పరిశ్రమలు పెట్టాలా, ఎగుమతికి పనికొచ్చే తేలికపాటి పరిశ్రమలా అని ఒకరు అడిగారు. 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికలో మన దేశం గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ రూపొందించిన నమూనా ప్రకారం ఉక్కుకు, యంత్రాలకు పెద్దపీట వేసింది; దక్షిణ కొరియా 1960లలో బట్టలు, విగ్గులు ఎగుమతి చేసి, 1970లలో భారీ పరిశ్రమల వైపు మళ్లింది. కూలీలు ఎక్కువగా, పెట్టుబడి తక్కువగా ఉన్న చోట కొరియా వరుసే మేలని నా అభిప్రాయం.

వరంగల్‌నే చూడండి. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలకొద్దీ వస్తుంది, కానీ దాన్ని ఇక్కడే నూలుగా, బట్టగా మార్చవలసిన ఆజంజాహి మిల్లు (1934లో పెట్టినది) ఎప్పుడో మూతపడింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాలు మాత్రం మిగిలాయి. పత్తికీ బట్టకూ మధ్య ఉండే అంచెలను ఒకేచోట చేర్చడానికే గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేశారు.