చిన్నప్పటి కేసు సీటుకు అడ్డమా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మూడేళ్ల కిందట ప్రభల తీర్థంలో కొట్లాట జరిగితే మా అబ్బాయి పేరూ రాశారు. అప్పటికి వాడికి పదిహేనేళ్లు. జువైనల్ బోర్డు మందలించి పంపేసింది. ఇప్పుడు నీట్ రాశాడు. ఎంబీబీఎస్‌కు ఇబ్బందా?

జవాబు: కాదమ్మా, ధైర్యంగా ఉండండి. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ తీర్పు వల్ల ఏ అనర్హతా రాదు. పదహారు నిండాక ఘోర నేరం చేసి, పిల్లల కోర్టులో తేలినవారికే మినహాయింపు. ముగిసిన కేసును పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్‌లో కూడా బయటపెట్టకూడదు. అది 74వ సెక్షన్.

అయినా బోర్డు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అర్జీలో కేసు నంబరు, సంవత్సరం, స్టేషన్ పేరు రాయాలి. చేతికొచ్చాక ఇంటిపేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోతో అక్షరం అక్షరం సరిచూడండి. ఎవరూ అడగకుండా కౌన్సెలింగ్‌లో ఇవ్వొద్దు.

ఫారంలో 'కేసు పెండింగులో ఉందా', 'శిక్ష పడిందా', 'ఎప్పుడైనా కేసు పెట్టారా' అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మూడోది కనిపిస్తే సంతకానికి ముందే వకీలుకు చూపించండి. పద్దెనిమిది దాటాక పడ్డ కేసైతే మాత్రం దాచకూడదు. చాలాసార్లు కేసుకన్నా దాచడమే కొంప ముంచుతుంది.