అంపైర్‌గా కూర్చోబోతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి,

దసరా సెలవుల్లో పర్లాకిమిడి ఇంట్లో పిల్లలందరినీ కూడేసి నౌకాయుద్ధం ఆట ఆడిస్తున్నావనీ, అంపైర్‌వి నువ్వేననీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదీ 1942లో జపాన్ చేసిన బంగాళాఖాతం దాడి! ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డ రోజే మన ఒడిశా తీరం వెంట సరుకు ఓడలు మునిగాయి. ఆ కథ నువ్వు ఎంచుకున్నందుకు చాలా గర్వంగా ఉంది. దాంతోపాటే టెన్షన్ కూడా పట్టుకుంది.

గళ్ళ మ్యాపులు మూడు గీయి, నీకొకటి, జట్టుకొకటి. ఒక జట్టు హాల్లో, ఇంకోటి వసారాలో. ఎవరి ఆదేశమైనా చీటీ మీదే రావాలి.

చూపు ఎంత దూరం ఆనుతుందో ఊహించి చెప్పకు. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 25 మీటర్ల ఎత్తున నిలబడ్డవాడికి దాదాపు 18. అవతలి ఓడ ఎత్తుకీ అలాగే కట్టి కలుపు. రాత్రికీ వానకీ బాగా తగ్గించు.

అసలు భయం ఇక్కడుంది. మా కుర్రతనంలో బరంపురంలో ఇలాంటి ఆటకి ఒక స్నేహితుడు అంపైర్. అడిగిన గడిలో శత్రువు ఓడ ఉంటేనే, అది కనబడిందో లేదో తేల్చడానికి పాచికలు వేసేవాడు. లేకపోతే ‘ఏమీ కనబడలేదు’ అని ఠక్కున చెప్పేసేవాడు. అవతలి గదిలో ఒకడు చెవులు రిక్కించి కూర్చున్నాడు. చప్పుడు వినబడితే ఓడ ఉన్నట్టే కదా! పాచికల్లో కనబడలేదని వచ్చినా సరే, చప్పుడైన గడికే నౌకలన్నీ తోలాడు. ఓడిపోయినవాడు అంపైరే రహస్యం చెప్పేశాడన్నాడు. తేల్చి చూపిద్దామంటే చీటీలు అప్పటికే చించి పారేశారు. అనరాని మాటలు అనుకున్నారు. పక్కపక్క ఇళ్ళవాళ్ళు, ఆ తర్వాత ఒకరింట్లో పెళ్ళికి ఇంకొకరు వెళ్ళలేదు. అంపైర్ తప్పేమీ చెప్పలేదు, అబద్ధమూ ఆడలేదు. అయినా అంత జరిగింది.

అందుకని ఖాళీ గడికీ పాచికలు వెయ్యి. జవాబు చీటీ ప్రతిసారీ ఇవ్వు, అంతే ఆలస్యంగా ఇవ్వు. ఇక నీ మొహం సంగతి. చిన్నప్పుడు దాగుడుమూతల్లో తమ్ముడెక్కడని అడిగితే, ‘తెలీదు’ అంటూనే తలుపు వైపు చూసేదానివి. ఆ కళ్ళు ఇప్పటికీ మారలేదు తల్లీ, మారక్కర్లేదు కూడా. దుప్పటి కట్టుకుని దాని వెనక కూర్చో. 1942లో లివర్‌పూల్‌లో బ్రిటిష్ నౌకాదళం జలాంతర్గాములను వేటాడే ఆట నేల మీద గీసి ఆడించినప్పుడు, ఆటగాళ్ళని కాన్వాస్ తెరల వెనక నిలబెట్టి కంతల్లోంచి మాత్రమే చూడనిచ్చారు. జలాంతర్గాముల దారి వాళ్ళకి ఆనకుండా ఆకుపచ్చ సుద్దతో గీశారు. పెద్దవాళ్ళే అంత జాగ్రత్తపడ్డారు.

కనబడ్డం వేరు, పోల్చుకోవడం వేరు. మొదటి చీటీలో ‘ఏవో ఓడలు’ అని మాత్రమే రాయి. రకం తర్వాతి వంతులో చెప్పు. అదే ఏడు పసిఫిక్‌లో మిడ్‌వే దీవి దగ్గర అమెరికాతో జరిగిన యుద్ధంలో జపాన్ నిఘా విమానం ముందు పది ఓడలని మాత్రమే కబురు పంపింది. అందులో విమానవాహక నౌక ఉన్నట్టుందన్న మాట రావడానికి ముప్పావుగంట పైనే పట్టింది.

సరుకు ఓడలు ఎవరికిస్తున్నావు? చిన్నవాడికైతే శత్రువుని ఏమార్చే ఉత్తుత్తి ఓడ బిళ్ళలు కొన్ని కలిపివ్వు. రేవు చేరిన ప్రతి ఓడకీ మార్కులు వెయ్యి. అసలు దాడిలో ఆ ఓడలకి తోడుగా యుద్ధనౌకలే లేవు. వాడు ఒట్టినే మునిగి ఏడవకూడదు.

ఒక్క చీటీ కూడా పారేయకు. ఆట అవగానే, భోజనాలకి ముందే, మూడు మ్యాపులూ అందరి ముందూ పరిచి ఒక్కో వంతూ చదివి వినిపించు. ఎవరికి అనుమానమున్నా అప్పుడే అడగమను. ఆకలేస్తోందని ఎవరన్నా లేవబోతే కూర్చోబెట్టు, నా మాటగా చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య